చెరువు నీళ్లలో మైక్రోసిస్టిన్: హెచ్‌పీఎల్‌సీతో కొలిచే పద్ధతి

ఎండాకాలంలో విజయనగరం, శ్రీకాకుళం పల్లె చెరువుల్లో పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కడితే అది మైక్రోసిస్టిస్ అనే నీలి-ఆకుపచ్చ నాచు కావచ్చు. అది చేసే విషమే మైక్రోసిస్టిన్; నీటిలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో దాన్ని కొలుస్తాం. తెట్టు ఎంత చిక్కగా ఉన్నా విషం ఎంతుందో చూపు చెప్పలేదు. ఈ నాచులో కొన్ని రకాలు అసలు విషమే చేయవు.

పడమటి గాలి తోలితే తెట్టు తూర్పుగట్టుకు చేరుతుంది. అక్కడ ఒక సీసా, పశువులు దిగే రేవులో ఒకటి, నడిచెరువులో ఒకటి పట్టండి. ముదురురంగు గాజుసీసాలే వాడాలి; ప్లాస్టిక్‌కు విషం అంటుకుని లెక్క తగ్గుతుంది. ఐసుపెట్టెలో ఉంచి 24 గంటల్లోపు వడకట్టాలి.

500 మి.లీ. నీటిని గ్లాస్‌ఫైబర్ ఫిల్టర్‌లో వడకట్టండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: దిగిన నీటిని మాత్రమే పరీక్షించి ‘విషం లేదు’ అని రాసేస్తారు. నాచు బతికున్నంతకాలం విషంలో ఎక్కువ భాగం కణాల్లోనే ఉంటుంది. కాబట్టి ఫిల్టర్‌ను మూడుసార్లు గడ్డకట్టించి కరిగించండి. 75 శాతం మిథనాల్ 5 మి.లీ. పోసి 10 నిమిషాలు సోనికేటర్‌లో (శబ్దతరంగాలతో కణాలను పగలగొట్టే యంత్రం) ఉంచి, సెంట్రిఫ్యూజ్ తిప్పి పైతేట తీయండి. ఇలా మూడు విడతలు. తేటలన్నీ కలిపి 40 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌తో ఆరబెట్టి, 50 శాతం మిథనాల్ 1 మి.లీ.లో కరిగించాలి. దిగిన నీటిని పారబోయకండి. సి18 కార్ట్రిడ్జ్‌లో (విషాన్ని పట్టి ఉంచే పొడి నింపిన చిన్న గొట్టం) పట్టి విడిగా కొలవాలి. మిథనాల్, నీళ్లతో తడిపాక ఆ కార్ట్రిడ్జ్ ఎండితే రికవరీ, అంటే తిరిగి చేతికొచ్చే విషం, పోయినట్టే.

ఇక హెచ్‌పీఎల్‌సీ అమరిక. కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం) సి18, 250 × 4.6 మి.మీ., 40 డిగ్రీలు. అందులో పారించే నీళ్లు, అసిటోనైట్రైల్ రెండింటిలోనూ 0.05 శాతం టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం). నిమిషానికి 1 మి.లీ. చొప్పున అసిటోనైట్రైల్‌ను 30 నుంచి 70 శాతానికి పెంచాలి. ఇంజెక్షన్ 20 మైక్రోలీటర్లు. శుద్ధ మిథనాల్‌లో ఎక్కువ పరిమాణం ఎక్కిస్తే ముందొచ్చే పీక్‌లు (గ్రాఫులో ఒక్కో పదార్థానికి లేచే గీతలు) వెడల్పై చీలిపోతాయి.

డిటెక్టర్ 238 నానోమీటర్ల దగ్గర. పీక్ వచ్చే సమయం స్టాండర్డ్‌తో (గాఢత తెలిసిన శుద్ధ నమూనా) కలిసింది కదా అని మైక్రోసిస్టిన్ అనేయకండి, చెరువు నీళ్లలో అడ్డమైన పీక్‌లన్నీ వస్తాయి. పీడీఏలో (అనేక తరంగదైర్ఘ్యాలను ఒకేసారి చూసే డిటెక్టర్) 200–300 నానోమీటర్ల మధ్య స్పెక్ట్రమ్ చూడండి: మైక్రోసిస్టిన్‌లో ఎల్‌ఆర్, ఆర్‌ఆర్ రకాలకు శిఖరం 238 దగ్గరే ఉండాలి. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ఎల్‌డబ్ల్యూ రకానికి మాత్రం 222 దగ్గర. స్టాండర్డ్ లేని రకాలను ‘ఎల్‌ఆర్‌తో సమానంగా’ అని రాయాలి.

ఫిల్టర్ సారం 0.8 మైక్రోగ్రాములు/మి.లీ. చూపిందనుకోండి. 1 మి.లీ. సారం అర లీటరు నీటిది, అంటే లీటరుకు 1.6 మైక్రోగ్రాములు. దానికి దిగిన నీటి లెక్క కూడా కలపాలి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవితకాల ప్రమాణం ఎల్‌ఆర్‌కు లీటరుకు 1 మైక్రోగ్రాము. నీళ్లు కాచినా ఈ విషం పోదు. ఆ మాట కూడా రిపోర్టులో రాయండి.