ఎన్ని క్రంచెస్ కొట్టినా సిక్స్ ప్యాక్ కనిపించట్లేదా? ముందు పల్లీల డబ్బా చూడండి

నల్గొండలో జిమ్ ట్రైనర్‌గా పదకొండేళ్ల నుంచి చేస్తున్నా. వారానికి ఇద్దరైనా వచ్చి ఇదే మాట అంటారు: “అన్నా, రోజుకు రెండొందల క్రంచెస్ కొడుతున్నా, ప్యాక్ రావట్లేదు.” నేను అడిగేదీ ఒకటే: “నడుము కొలిచినవా?” దాదాపు ఎవరూ కొలిచి ఉండరు. అద్దంలో చూసుకుంటారు, ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు, టేపు మాత్రం పట్టుకోరు.

కాబట్టి ముందు ఆ పని చేయండి. టైలర్ వాడే టేపు చాలు. పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, బొడ్డు మీదుగా చుట్టి, ఊపిరి మామూలుగా వదిలి చూడండి. పొట్ట లోపలికి లాగొద్దు. వారానికోసారి, అదే రోజు కొలిచి రాసిపెట్టుకోండి. ఆ తర్వాత బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూడండి. మందంగా మడత వచ్చిందంటే మీ కండ దాని కింద దాక్కుని ఉంది, ఇంకో రెండొందల క్రంచెస్‌తో బయటికి రాదు. పొట్టకు ఎక్సర్‌సైజ్ చేసినంత మాత్రాన పొట్ట కొవ్వే కరగదు. మగవాళ్లకు ఒంట్లో కొవ్వు 10-12 శాతం దగ్గరికి వస్తేనే ప్యాక్ గడులు తేటగా కనిపిస్తాయి, ఆడవాళ్లకు 18-20 శాతం దగ్గర.

75 కిలోల బరువు, 25 శాతం కొవ్వు ఉన్న మనిషి కండ పోకుండా 12 శాతానికి రావాలంటే దాదాపు 11 కిలోలు తగ్గాలి. వారానికి అర కిలో చొప్పున అయిదు నెలలు పడుతుంది. పెళ్లి వచ్చే నెల ఉందని వచ్చేవాళ్లకు ఈ లెక్క ముందే చెప్తాను.

“అన్నం తగ్గించా, జొన్న రొట్టె తింటున్నా, అయినా టేపు కదలట్లేదు”

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను.

దేవరకొండ వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చేవాడు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్నాడు, పొద్దున ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో 1600 మీటర్లు, సాయంత్రం జిమ్. అన్నం ఒక్క పూటే, రాత్రి జొన్న రొట్టె. స్వీట్లు లేవు, కూల్‌డ్రింకులు లేవు. రోజుకు 500 క్యాలరీలు తక్కువ పడేలా లెక్క కట్టి ఇచ్చాను. ఏడు వారాలైనా నడుము 36 అంగుళాల దగ్గరే ఆగింది. నేను పరుగు పెంచమన్నాను. పెంచాడు, మోకాలు వాచింది. అబద్ధం చెప్తున్నాడేమోనని కూడా ఒకరోజు అనుమానపడ్డాను. ఆ పిల్లాడు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

మోకాలు ఎలా ఉందో చూద్దామని రూమ్‌కి వెళ్తే గోడవారగా అయిదు కిలోల డబ్బా కనిపించింది, నిండా పల్లీలు. వాళ్ల చేనులో యాసంగి పంట, అమ్మ పంపింది. “ఇవి ప్రోటీన్ కదన్నా” అన్నాడు. పొద్దున నానబెట్టినవి ఒక గుప్పెడు, సాయంత్రం వేయించినవి ఒక గుప్పెడు. నేను తిండి అడిగినప్పుడల్లా అన్నం, రొట్టె, కూర చెప్పాడే గానీ పల్లీలు చెప్పలేదు. వాటిని తిండి కింద ఎవరు లెక్కేస్తారు?

మర్నాడు కిచెన్ కాటా తీసుకెళ్లాను. స్టీలు గిన్నె పెట్టి కాటా సున్నా చేసి, “రోజూ తీసినట్టే తియ్యి” అన్నాను. గుప్పెడు పోశాడు, 46 గ్రాములు. రెండు గుప్పిళ్లు 92. వంద గ్రాముల పల్లీల్లో ప్రోటీన్ 25 గ్రాములు, నిజమే, కానీ కొవ్వు దానికి దాదాపు రెట్టింపు. వందకు 567 క్యాలరీలు. అంటే ఆ రెండు గుప్పిళ్లకే 520. రొట్టెలోకి వేసుకునే పల్లిపొడి రెండు చెంచాలు, ఇంకో 110. నేను తగ్గించిన 500 అక్కడికే పోయింది.

తర్వాత నూనె. “తక్కువే వేస్తాం” అని అందరూ అంటారు, కాబట్టి ఆ ప్రశ్న అడగొద్దు. ప్యాకెట్ ఎన్ని రోజులకు అయిపోతుందో అడగండి. లీటరు ప్యాకెట్ మీద చూడండి, 910 గ్రాములని రాసి ఉంటుంది. గ్రాముకు 9 క్యాలరీలు. ఆ రూమ్‌లో ఇద్దరు, ప్యాకెట్ 12 రోజులు. మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 క్యాలరీలు. కూరలో ఇంకిపోయిన నూనె కంచంలో కనిపించదు, అందుకే ఎవరికీ గుర్తుండదు.

పల్లీలు మానేయమని చెప్పలేదు. మన పాలమూరు, నల్గొండ పల్లెల్లో పల్లీ లేని వంటిల్లు ఉండదు, మానమంటే వారం కూడా నిలవదు. 20 గ్రాములు కాటా మీద తూచి తినమన్నాను, పొడి ఆ లెక్కలోనే. ప్రోటీన్‌కి మీల్ మేకర్ పెట్టాం: 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 26 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, క్యాలరీలు 170 మాత్రమే. అంత ప్రోటీన్ పల్లీల నుంచి రావాలంటే 560 క్యాలరీలకు పైనే తినాలి. గుడ్లు, చికెన్, పప్పు మామూలే. కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ అందితే చాలు. నూనె ప్యాకెట్ 22 రోజులు రావాలని రూమ్‌లో ఇద్దరూ ఒప్పుకున్నారు. పరుగు పెంచలేదు, పైగా మోకాలు తగ్గేదాకా ఆపేశాం. పది వారాలకు నడుము 33 అంగుళాలు.

ఇంట్లో అమ్మ వండుతుంటే ఆమెతో గొడవ పడకండి. నలుగురున్న ఇంటికి సోమవారం ఒక సీసాలో 600 మిల్లీలీటర్లు పోసి ఇచ్చి, “అమ్మా, ఆదివారం దాకా ఇదే” అని చెప్పండి. మనిషికి రోజుకు 20 గ్రాముల దగ్గర పడుతుంది. మొదటి వారం గురువారానికే అయిపోతుంది. మూడో వారానికి ఆమే సర్దుకుంటుంది. మా ఇంట్లో అలాగే జరిగింది.

ఆదివారం దావత్ గురించి ఒక్క మాట. ఆరు రోజులు 400 చొప్పున తగ్గిస్తే 2400. బిర్యానీ, వేపుడు, రెండు బీర్లతో దాంట్లో సగానికి పైగా ఒక్క పూటలో తిరిగొస్తుంది. వెళ్లండి, కానీ ఆ పూటను లెక్కలో రాయండి.

“బక్కగానే ఉన్నా, అయినా గడులు లేవు”

వేళ్లకు మడత అందట్లేదంటే తిండి తగ్గించకండి. మీకు లేనిది కండ. బరువు పెట్టని క్రంచెస్ వందలు కొడితే ఓపిక పెరుగుతుంది, కండ మందం అంతగా పెరగదు. రాడ్‌కి వేలాడుతూ లెగ్ రేజ్, కేబుల్ క్రంచ్, పదిహేను దాటి చేయలేనంత బరువుతో వారానికి రెండు మూడు సార్లు చేయండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ వదలొద్దు. తిండి కొంచెం పెంచండి.

“పైన రెండు గడులొచ్చాయి, బొడ్డు కింద ఏమీ లేదు”

మగవాళ్లలో ఎక్కువమందికి అక్కడ చివర్న తగ్గుతుంది. కొత్త ఎక్సర్‌సైజ్ వెతక్కండి, చేస్తున్నదే చేయండి.

పొద్దున కనిపించి సాయంత్రానికి పోతే అది తిన్న తిండి, తాగిన నీళ్లు. గడులు నాలుగా ఆరా అన్నది పుట్టుకతో వచ్చేది, పొట్ట కండను గడులుగా విడదీస్తూ అడ్డంగా ఉండే టెండన్ పట్టీలను ఏ ట్రైనరూ మార్చలేడు. ఫ్యాట్ బర్నర్ డబ్బాల డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. థైరాయిడ్ అని నెట్‌లో చదివి భయపడేవాళ్లలో ఎక్కువమందికి అది ఉండదు. విపరీతమైన అలసట, చలి, జుట్టు రాలడం కూడా ఉంటే మాత్రం రక్తపరీక్ష చేయించండి. కాన్పు తర్వాత పొట్ట మధ్యలో రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగులుతుంటే క్రంచెస్ ఆపి ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. దగ్గినప్పుడు బొడ్డు దగ్గరో గజ్జల్లోనో ఉబ్బు బయటికొస్తే అది హెర్నియా కావచ్చు. డాక్టర్ చూసేదాకా బరువులు ముట్టుకోవద్దు.