సీటు బెల్టు లేకుండా దొరికిపోతే చలానా రాయించుకోవడం ఎలా?

పదహారేళ్లుగా వారానికి రెండుసార్లు హైదరాబాద్–విజయవాడ హైవే మీద కారు నడుపుతున్నాను. మందుల కంపెనీ ఉద్యోగం, తిరగక తప్పదు. పంతంగి టోల్ దాటాక ఒకసారి, కోదాడ దగ్గర ఒకసారి ఆపించుకోవడం నాకు కొత్త కాదు. అందులో కొన్నిసార్లు తప్పు నిజంగా నాదే. చలానా రాయించుకోవడం కూడా ఒక పనేనా అని నవ్వకండి. తప్పు చేసి, పట్టుబడి, ఆ డబ్బు ప్రభుత్వ ఖాతాకే చేరేలా చూసుకుని వచ్చేవాళ్లు నాకు తెలిసినవాళ్లలో చాలా తక్కువ. మిగతావాళ్లంతా "ఏదో ఇచ్చి వచ్చేశాం" బ్యాచే.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

ఫోన్లో డిజీలాకర్ గానీ ఎంపరివాహన్ గానీ, రెండూ ప్రభుత్వ యాప్‌లే. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అందులోనే చూపించవచ్చు. 2018లో సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనలు మార్చి దీన్ని ఒప్పుకున్నారు. గ్యాలరీలో ఉన్న ఫొటో చెల్లదు. ఇక డ్యాష్‌బోర్డులో డబ్బు పెట్టకండి. టోల్‌కు ఫాస్టాగ్ ఉంది, టీకి ఫోన్‌పే ఉంది. ఆ మడతపెట్టిన రెండు వందల నోటు ఇంకెందుకు?

ఆపగానే

ఇండికేటర్ వేసి ఎడమ పక్కకు ఆపండి. ఇంజన్ ఆఫ్ చేయండి. అద్దం సగం కాదు, పూర్తిగా దించండి. యూనిఫాంలో ఉన్న అధికారి లైసెన్సు అడిగితే చూపించాల్సిందే, మోటారు వాహనాల చట్టంలో 130వ సెక్షన్ అది. అప్పటికప్పుడు బెల్టు లాక్కుని పెట్టుకోకండి, అవతల ఆయన చూసే ఆపాడు. రమ్మని పిలిస్తే తప్ప కారు దిగకండి. మనవాళ్లు దిగీ దిగకముందే జీపు వెనక్కి నడుస్తారు. బేరాలన్నీ అక్కడే.

అసలు చిక్కు: ఆ అర నిమిషం

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఎక్కువసార్లు చేతిలో మెషిన్ ఉంటుంది, ఫొటో తీస్తారు, చలానా పడుతుంది, అయిపోతుంది. కానీ అప్పుడప్పుడు ఒకాయన మెషిన్ పక్కన పెట్టి, మీ లైసెన్సు తిప్పి చూస్తూ, "ఏం చేద్దాం సార్, మీరే చెప్పండి" అంటాడు. లంచం అడగలేదు. ఒక్క ప్రశ్న వేసి ఊరుకున్నాడు. ఆ నిశ్శబ్దాన్ని మనం భరించలేం. టెన్షన్‌లో నోరు తెరిచి "ఎంతవుతుంది సార్?" అంటాం. ఆ మాటతో బేరం మనమే మొదలుపెట్టినట్టు. తర్వాత ఆయన "వెయ్యి రాస్తాను, కోర్టు చుట్టూ తిరగాలి" అంటాడు, మనం మూడు వందలంటాం, చివరికి ఎక్కడో ఒకచోట తెగుతుంది.

"ఎంత?" అని అడగకండి. "ఈసారికి వదిలేయండి" అని కూడా అనకండి, అది కూడా అదే తలుపు తడుతుంది. "ఇప్పుడే తీశాను సార్, నీళ్లు తాగుదామని" లాంటి కథలు అసలే వద్దు. అనాల్సింది ఇంతే: "బెల్టు పెట్టుకోలేదు సార్, తప్పే. చలానా రాయండి, ఆన్‌లైన్‌లో కడతాను." మామూలు గొంతుతో చెప్పి, ఆగిపోండి. ఆయన మళ్లీ ఏదన్నా అంటే ఇదే మాట మళ్లీ. మూడోసారి కూడా ఇదే. నవ్వకండి, ముఖం చిట్లించకండి, సెక్షన్ల నంబర్లు చదవకండి. మీరు లాయరులా మాట్లాడితే ఆయనకు పట్టుదల వస్తుంది. విసుగు పుట్టేలా మాట్లాడితే మెషిన్ తీస్తాడు. నా అనుభవంలో రెండు, మూడు నిమిషాలకు మించి పట్టలేదు.

కోర్టు పేరు వినగానే కంగారు పడకండి. అదే చట్టం 194బి సెక్షన్ ప్రకారం సీటు బెల్టు జరిమానా వెయ్యి రూపాయలు. 2019 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. కోర్టుకెళ్లకుండా కట్టే మొత్తాన్ని రాష్ట్రాలు వేరుగా నిర్ణయించుకోవచ్చు కాబట్టి చలానాలో పడిన అంకె చూడండి, రోడ్డు మీద నోటితో చెప్పింది కాదు. లైసెన్సు ఆయన దగ్గరే ఉంచేసుకుంటానంటే 206వ సెక్షన్ ప్రకారం తాత్కాలిక రసీదు ఇవ్వాలి. అది మాత్రం మర్యాదగా అడిగి తీసుకోండి.

మా బావమరిదిది ఇంకో పద్ధతి. కారు ఆపగానే ఫోన్ తీసి "అన్నా, ఒకసారి మాట్లాడు" అని ఎవరికో కలిపిస్తాడు. పనవుతుంది, కాదనను. కానీ ఆ అన్న ఆ తర్వాత ఆర్నెల్లు ప్రతి ఫంక్షన్‌లోనూ ఆ సంగతి గుర్తుచేస్తాడు. మూడు వందలు మిగుల్చుకోవడానికి అంత అప్పు అవసరమా? ఇంకొందరు కెమెరా ఆన్ చేసి ముఖం మీద పెడతారు. ఐదు నిమిషాల పని గంట పంచాయితీ అవుతుంది, పైగా బెల్టు పెట్టుకోని మన మొహమే అందులో ముందు కనిపిస్తుంది.

నేనూ పుట్టు బుద్ధిమంతుణ్ణి కాదు. కొత్తలో చిట్యాల దాటాక ఒకచోట రెండు వందలిచ్చి బయటపడ్డాను. సూర్యాపేట రాకముందే ఇంకొకరు ఆపారు. చూపించడానికి రసీదు లేదు, మళ్లీ ఇచ్చాను. తమాషా ఏమిటంటే, రెండుసార్లు డబ్బిచ్చి కూడా విజయవాడ దాకా బెల్టు పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకుంటాం? డబ్బిచ్చేశాంగా!

పోలీసులంతా ఇంతే అని నేను అనను. ఒకసారి మా కొలీగ్ లైసెన్సు మడతలో ఐదు వందలు పెట్టి అందించాడు. ఆ హెడ్ కానిస్టేబుల్ నోటు తీసి సీటు మీద పడేసి, "ఇవ్వడం కూడా కేసే, తెలుసా?" అన్నాడు. చలానా రాసి, వెనక కూర్చున్న నన్ను కూడా బెల్టు పెట్టుకోమని, క్లిక్ శబ్దం వినేదాకా కదలనివ్వలేదు.

ఆయన చెప్పింది నిజమే. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకు మాత్రమే మినహాయింపు. చోటు, టైము, యూనిఫాం మీద పేరు గుర్తుపెట్టుకుని ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చెప్పండి, తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1064. జరిమానా తగ్గించుకోవడానికి మీరే బేరమాడితే మాత్రం అది బలవంతం కాదు.

కట్టడం

ఇది సులువు. పరివాహన్ ఈ-చలాన్ సైటులోనో, రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ సైటులోనో బండి నంబరు కొట్టి, ఫొటో, చోటు, తేదీ సరిచూసి కట్టండి. తెలంగాణలో మీసేవలోనూ కట్టవచ్చు. అడ్రసు చివర gov.in అనే అక్షరాలు లేకపోతే మూసేయండి. వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే ముట్టుకోవద్దు, అది ఖాతా ఖాళీ చేసే సరుకు. ఫొటోలో ఉన్నది మీ బండి కాకపోతే డబ్బు కట్టకుండా సైటులోనే ఫిర్యాదు పెట్టండి.

నేను అదే రాత్రి కట్టేస్తాను, మీరూ అంతే చేయాలి. డిస్కౌంట్ కోసం ఆగేవాళ్లున్నారు. తెలంగాణలో 2022 మార్చిలో కార్లకు 50 శాతం, 2023 డిసెంబరులో 60 శాతం తగ్గించారు నిజమే. ఎప్పుడో వచ్చే డిస్కౌంట్‌కు చలానాలు పోగేసుకునేవాడు ప్రతి చెక్‌పోస్టు దగ్గరా గుండె పట్టుకుని బతకాలి.

బెల్టు సంగతి

పోలీసు కనిపించగానే బెల్టును ఛాతీ మీదికి లాగి చేత్తో పట్టుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను. వీపు వెనక నుంచి తిప్పి లాక్ చేసేవాళ్లు, అలారం మోగకుండా ఉత్త క్లిప్పు గుచ్చేవాళ్లు వేరే. ఆ క్లిప్పులను ఆన్‌లైన్ షాపుల నుంచి తీసేయాలని కేంద్ర వినియోగదారుల అథారిటీ 2023 మేలో ఆదేశాలిచ్చింది. నడుము పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులకు పొట్ట కిందుగా. భుజం పట్టీ మెడకు ఒరుసుకోకుండా భుజం మధ్యలో. చీర నలుగుతుందంటే నలగనివ్వండి.

వెనక సీటుకు అక్కర్లేదనేది మన ఊళ్లలో పాతుకుపోయిన నమ్మకం. ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లకూ నిబంధన ఉంది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయిన టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ కూర్చున్నది వెనక సీట్లోనే, బెల్టు లేదు. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు.

మా కారులో ఇంకో సమస్య ఉండేది. సీటు కవర్లు వేసిన షాపువాడు వెనక బకిల్స్‌ను, అంటే బెల్టు గుచ్చే లాకులను, కవర్ కింద కుట్టేశాడు. రెండేళ్లు ఎవరం చూసుకోలేదు. ఒకసారి వెళ్లి మీ కారు వెనక సీటు కిందికి చెయ్యి పెట్టి చూడండి. మూడు బకిల్స్ చేతికి తగలకపోతే అదే షాపుకు తీసుకెళ్లి కవర్‌కు కన్నాలు పెట్టించండి.