ఎస్‌క్యూఎల్ ఉన్న ఆర్‌పీజీ ప్రోగ్రామ్‌లో కంపైల్ ఎర్రర్ పట్టుకోవడం ఎలా

మొన్న గుంటూరు బ్రాడీపేటలో మా తమ్ముడి రూమ్‌కి వెళ్తే, కంపైల్ ఫెయిలైందని వాడు ఒకటే టెన్షన్, గంట నుంచి చూడాల్సింది వదిలేసి వేరే లిస్టింగే (కంపైల్ రిపోర్టే) తిరగేస్తున్నాడు.

ఐబీఎం సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఐబీఎం ఐలో, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) కలిపి రాసిన ఆర్‌పీజీ (ఐబీఎం ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రామ్ కంపైల్ రెండు దశల్లో జరుగుతుంది. ముందు ప్రీకంపైలర్ ఎస్‌క్యూఎల్‌ని చూస్తుంది. అక్కడే ఆగిపోతే ఎస్‌క్యూఎల్9001 మెసేజ్ వస్తుంది, ఆర్‌పీజీ కంపైలర్ దాకా వెళ్లదు. అందుకే ముందు కంపైల్ కమాండ్‌లో అవుట్‌పుట్ దగ్గర స్టార్ ప్రింట్ (*PRINT) ఇచ్చి ఆ మొదటి లిస్టింగ్ చదవండి. వాడికి అందులో ఎస్‌క్యూఎల్0312, అంటే వేరియబుల్ డిక్లేర్ కాలేదనే ఎర్రర్, కనిపించింది: డిక్లేర్ చేసింది కస్ట్‌నేమ్, ఎస్‌క్యూఎల్‌లో కోలన్ తర్వాత రాసింది కస్ట్‌నామ్. అంతే!

ప్రీకంపైల్ దాటితే రెండో లిస్టింగ్, అంటే ఆర్‌పీజీ కంపైలర్ ఇచ్చేది, చూడాలి. ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎందుకంటే అందులోని లైన్ నంబర్లు మీ సోర్స్‌వి కావు, క్యూటెంప్ అనే తాత్కాలిక లైబ్రరీలో ప్రీకంపైలర్ తయారుచేసిన సోర్స్‌వి, కాబట్టి నంబర్ వదిలేసి స్టేట్‌మెంట్‌ని బట్టి వెతకండి.

ఐబీఎం ఐలోని పాత ఎడిటర్ ఎస్‌ఈయూలో అయితే ఎఫ్15తో స్పూల్ ఫైల్ (ప్రింట్ కోసం దాచిన లిస్టింగ్) తెరిచి 'ఎఫ్ స్టార్ ఈఆర్‌ఆర్' (F *ERR) కొట్టండి. పీసీలో వాడే ఎడిటర్లు ఆర్‌డీఐలో, వీఎస్ కోడ్‌లో అయితే కంపైల్ ఆప్షన్‌లో స్టార్ ఈవెంట్‌ఎఫ్ (*EVENTF) తప్పనిసరి. అది ఉంటే ఆర్‌డీఐ ఎర్రర్ లిస్ట్‌లో, వీఎస్ కోడ్ ప్రాబ్లమ్స్ ట్యాబ్‌లో తప్పులు వరసగా వస్తాయి, నొక్కితే ఆ లైన్‌కే వెళ్తారు.