బ్యాకప్ సర్వర్లకు డేటా కలెక్టర్ పెట్టడం, సంక్రాంతి సెలవుల్లోనూ పనిచేసేలా

మా హెడ్ ఆఫీసు విజయనగరంలో. శ్రీకాకుళంలో ఇంకో సర్వర్ రూము, బొబ్బిలి, రాజాం, పలాసల్లో బ్రాంచీలు. అన్నిచోట్లా బ్యాకప్ నెట్‌బ్యాకప్ అనే సాఫ్ట్‌వేర్ మీదే. పొద్దున్నే ఒక్కో కన్సోల్‌లోకి వెళ్లి ఫెయిలైన బ్యాకప్‌ల ఎర్ర గుర్తులు వెతుక్కునే బాధ తప్పాలంటే డేటా కలెక్టర్ పెట్టుకోవాలి. అది బ్యాకప్ సర్వర్ల నుంచి వివరాలు తెచ్చి, రిపోర్ట్‌లన్నీ ఒకేచోట చూపించే పోర్టల్‌కి పంపుతుంది. మేం దీనికి వాడే సాఫ్ట్‌వేర్ ఐటీ అనలిటిక్స్. మీది వేరే సరుకైనా పని వరస ఇంచుమించు ఇదే.

కలెక్టర్‌ని బ్యాకప్ సర్వర్ మీదే పెట్టేయకండి. ఆ సర్వర్ పడుకున్న రోజున కాపలావాడూ పక్కనే పడుకుంటాడు. వేరే చిన్న వర్చువల్ మెషీన్ తీసుకోండి, విండోస్ అయినా లినక్స్ అయినా పర్లేదు. నేను ఊరికొకటి పెట్టాను. సర్వర్‌ని అడిగే పని ఏ ఊళ్లోది ఆ ఊళ్లోనే అయిపోతుంది, లింకు మీద పోర్టల్‌కి వచ్చేది ఫలితమే.

ఇన్‌స్టాల్ చేసేముందు పోర్టల్‌లో కలెక్టర్ పేరు, పాస్‌వర్డ్ సృష్టించుకోవాలి, ఇన్‌స్టాలర్ అడిగేది వాటినే. పోర్టల్‌కి 443 పోర్ట్ మీద కలెక్టరే వెళ్లి మాట్లాడుతుంది కాబట్టి బయటి నుంచి దానివైపు దారి తెరవక్కర్లేదు. నెట్‌బ్యాకప్ సర్వర్లతో మాటలకు 1556. ఫైర్‌వాల్ చూసేవాళ్లకి ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్ట్ అని కాగితం మీద రాసివ్వండి. ‘బ్యాకప్‌వి అన్నీ తెరిచెయ్యండి’ అంటే ఎవరూ తెరవరు, తెరవకూడదు కూడా. సర్వర్ పేర్ల విషయంలో నెట్‌బ్యాకప్‌కి పట్టింపు ఎక్కువ. పేరు కొడితే ఐపీ, ఐపీ కొడితే అదే పేరు రావాలి. రెండు వైపులా చూసుకున్నాకే ముందుకెళ్లండి. లాగిన్ విడిగా తీసుకోండి, చదివే హక్కు మాత్రమే ఉండాలి. పాస్‌వర్డ్ బదులు ఏపీఐ కీ వాడితే దాని గడువు తేదీని క్యాలెండర్‌లో వేసుకోండి.

టైమ్‌జోన్ కూడా చూడండి. ఏదైనా సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండిపోతే మన రాత్రి 12:30కి మొదలైన జాబ్, అంటే ఆ బ్యాకప్ పని, ముందురోజు సాయంత్రం 7 గంటల లెక్కలోకి పోతుంది. రిపోర్ట్ అంతా ఒక రోజు వెనక్కి జరుగుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. నెట్‌బ్యాకప్ జాబ్ వివరాలను డిఫాల్ట్‌గా 78 గంటలే దాచుకుంటుంది, అంటే మూడు రోజుల ఆరు గంటలు. భోగి ముందురోజు సాయంత్రం కలెక్టర్ ఆగిపోయిందనుకోండి. మనవాళ్లు ముక్కనుమ కూడా అయ్యాక గానీ ఆఫీసు మొహం చూడరు. అప్పటికి భోగినాటి జాబ్‌లు చెరిగిపోయి ఉంటాయి. సరిగ్గా అయిన బ్యాకప్‌కి కేటలాగ్‌లో (నెట్‌బ్యాకప్ చిట్టాలో) ఇమేజ్, అంటే తీసిన కాపీ నమోదు, అయినా మిగులుతుంది, ఫెయిలైన జాబ్‌కి అదీ ఉండదు. రిపోర్ట్‌లో ఎర్ర గుర్తు కూడా కనబడదు, ఖాళీగా ఉంటుందంతే. అందుకే ఆ గంటల్ని 168 చేశాను. సక్సెస్ అయిన జాబ్‌లకి వేరే సెట్టింగ్ ఉంది, రెండూ మార్చాలి. ఇదేదో పండగ గొడవే అనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. మన జిల్లాల్లో 78 గంటలు ఏ మూలకి?

జాబ్ వివరాలు అరగంటకోసారి తెచ్చుకుంటే చాలు. ఇమేజ్‌లు, స్టోరేజ్ లాంటి బరువైనవి పగలు ఒక్కసారి. రాత్రి బ్యాకప్‌లు నడుస్తున్నప్పుడు సర్వర్‌ని పదేపదే కెలకకండి.

ఇక అలర్ట్‌లు. జాబ్ ముగిశాక నెట్‌బ్యాకప్ ఇచ్చే నంబరే స్టేటస్. అది 0 అయితే గొడవ లేదు. 58 అంటే క్లయింట్ (బ్యాకప్ తీయాల్సిన మెషీన్) దొరకలేదని. బ్రాంచీకి ఫోన్ చేస్తే ‘కరెంటు నేదండి బాబూ’ అంటారు, వచ్చాక మళ్లీ నడపడమే. 196 అంటే మనమిచ్చిన టైమ్ దాటిపోయిందని. నాకు అనుమానమెక్కువ 1 మీద. కొన్ని ఫైళ్లు వదిలేసి మిగతావి తీశానని దానర్థం. చాలామంది దాన్ని పచ్చరంగులో కలిపేస్తారు. వదిలేసింది టెంప్ ఫైలా, ఎవరో తెరిచి ఉంచిన అకౌంట్స్ ఫైలా అన్నది లాగ్ చూస్తేనే తెలుస్తుంది. ఒకే మెషీన్ మీద వరసగా 1 వస్తుంటే మెయిల్ వచ్చేలా పెట్టండి.

వీటికంటే ముందు పెట్టాల్సిన అలర్ట్‌లు రెండున్నాయి. ఏ కలెక్టర్ నుంచైనా రెండు గంటలు కబురు లేకపోతే మెయిల్ రావాలి. ఏ క్లయింట్‌కైనా 48 గంటల్లో ఒక్క మంచి బ్యాకప్ కూడా లేకపోతే మెయిల్ రావాలి. ఈ రెండో అలర్ట్ కాపలా కాసే క్లయింట్ల లిస్టుని ఆఫీసు ఆస్తుల రిజిస్టర్‌తో నెలకోసారి పోల్చండి. కొత్తగా కొన్న సర్వర్‌ని నెట్‌బ్యాకప్ పాలసీలో (ఏ మెషీన్‌కి ఎప్పుడు బ్యాకప్ తీయాలో చెప్పే చోట) చేర్చకపోతే అది జన్మలో ఫెయిల్ కాదు, అలర్టూ ఇవ్వదు.

అంతా అయ్యాక ఓ పనిదినం మధ్యాహ్నం భోజనాలయ్యాక కలెక్టర్ సర్వీసు మీరే ఆపేయండి. సాయంత్రంలోగా మెయిల్ రాకపోతే డ్యాష్‌బోర్డ్ రంగుల జోలికి పోకుండా ముందు ఆ మెయిల్ సంగతి తేల్చండి. వస్తే, ఎవరికి వచ్చిందో చూడండి. ఒక్కరి పేరుమీదే పోతుంటే మార్చి గ్రూప్ ఐడీ పెట్టండి, సంక్రాంతికి ఆ ఒక్కరూ ఊరెళ్తారు.