పికప్‌కి మూడు అంగుళాల బాడీ లిఫ్ట్: ఇంటి గరాజ్‌లో ఎలా చేసుకోవాలి

నాది 2003 టొయోటా టకోమా పికప్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేది), మాన్యువల్ గేర్. పెద్ద టైర్లకి చోటు కావాలని దానికి బాడీ లిఫ్ట్ కిట్ వేశాను. డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లోనే, మా బావమరిది సాయంతో. ఇలాంటి ట్రక్కు ఉన్నవాళ్లు మెకానిక్ దగ్గరికి వెళ్లకుండా చేసుకోగల పనే ఇది. కానీ తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ ర్యాక్, ఫ్యూయల్ ట్యాంక్ అన్నీ కింద ఫ్రేమ్‌కి బిగించి ఉంటాయి. క్యాబిన్, వెనక సామాను వేసే బెడ్ ఆ ఫ్రేమ్ మీద బోల్టులతో కూర్చుంటాయి. ఈ రెండింటి మధ్య గట్టి బ్లాకులు పెట్టి పొడవాటి బోల్టులు బిగించడమే బాడీ లిఫ్ట్. యాక్సిల్ ఉన్న ఎత్తులోనే ఉంటుంది కాబట్టి గ్రౌండ్ క్లియరెన్స్ పెరగదు. పెద్ద టైరు వేస్తే ఆ టైరు వల్ల పెరిగేదే. సస్పెన్షన్ జోలికి పోం కాబట్టి బండి నడక దాదాపు మునుపటిలాగే ఉంటుంది. మూడు అంగుళాలకి మించిన కిట్ మాత్రం వద్దు. బ్లాకు ఎత్తు పెరిగేకొద్దీ బోల్టు మీద పక్క బలం పెరుగుతుంది.

బ్లాకులు పెట్టడం ఇందులో తేలిక భాగం. ఫ్రేమ్ నుంచి బాడీకి వెళ్లే ప్రతి తీగకీ, గొట్టానికీ, కడ్డీకీ ఆ మూడు అంగుళాలు ఎక్కడినుంచి వస్తాయో చూడటమే అసలు పని. జాక్ ముట్టుకునే ముందు టార్చ్ పట్టుకుని బండి కిందికి దూరండి. స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ పైపులు, క్లచ్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, హీటర్ గొట్టాలు, ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ, ట్యాంకుకి ఇంధనం పోసే గొట్టం... ఒక్కొక్కటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అదే చూపులో ఫ్రేమ్ తుప్పు కూడా చూడండి. 1995-2000 టకోమాల ఫ్రేమ్ తుప్పు విషయంలో టొయోటానే 2008లో వారంటీని 15 ఏళ్లకి పెంచింది. సుత్తితో కొడితే పెచ్చులు ఊడే ఫ్రేమ్ మీద లిఫ్ట్ వేయకండి.

బోల్టులకి తుప్పు వదిలించే స్ప్రే రెండు మూడు రోజుల ముందునుంచే కొడుతూ ఉండండి. లోపల నట్టు ఊడి తిరగడం మొదలైతే ఒక్క బోల్టుకే పూట గడిచిపోతుంది. బిగుసుకున్న బోల్టులు విప్పే పొడవాటి బ్రేకర్ బార్, మంచి ఫ్లోర్ జాక్, ఎత్తినదాన్ని పట్టి ఉంచే జాక్ స్టాండ్లు, బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో (టార్క్) చూపే టార్క్ రెంచ్, రెండు మందపాటి చెక్కలు దగ్గర ఉంచుకోండి.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్ తిరగకుండా సీట్ బెల్టుతో కట్టేయండి. షాఫ్ట్ విప్పాక స్టీరింగ్ ఊరికే తిరిగితే లోపల ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే చుట్ట తీగ తెగుతుంది. విప్పే ముందు షాఫ్ట్ రెండు ముక్కల మీదా పెయింట్‌తో ఒక గీత గీయండి. మళ్లీ ఆ గీతలు కలిసేలాగే బిగించాలి.

క్యాబిన్ బోల్టులు అన్నీ వదులు చేసి, ఒక పక్కవి మాత్రమే పూర్తిగా తీయండి. రెండో పక్కవి వదులుగా చోటులోనే ఉంటేనే క్యాబిన్ జారదు. జాక్‌కీ బాడీకీ మధ్య చెక్క పెట్టి, మౌంట్ (బాడీ ఫ్రేమ్ మీద కూర్చునే చోటు) దగ్గర గట్టిగా ఉన్న చోట ఎత్తండి. పల్చటి ఫ్లోర్ రేకు మీద పెడితే లోపలికి నొక్కుకుపోతుంది. ప్రతి అంగుళానికీ ఆగి చుట్టూ తిరిగి చూడాలి. నేను ఎత్తుతుంటే మా బావమరిది టార్చ్‌తో ఇంజన్ వెనక కాపలా ఉన్నాడు. "బావా, ఆపు, ఎర్త్ పట్టీ బిగుసుకుంటోంది" అన్నాడు. అలా చూసే మనిషి లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. బ్లాకు పెట్టేటప్పుడు ఆ సందులో వేళ్లు పెట్టొద్దు. చెక్కముక్కతో నెట్టండి, జాక్ పక్కన స్టాండ్ తప్పనిసరిగా ఉండాలి.

బెడ్ ఎత్తేముందు, ఇంధనం పోసే మూత దగ్గరి స్క్రూలు విప్పండి. లేకపోతే ఆ గొట్టం చిరుగుతుంది. ట్యాంకులో ఇంధనం తక్కువ ఉన్న రోజు చూసుకుంటే మంచిది.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది రేడియేటర్. ఫ్యాన్ ఇంజన్‌తో కింద ఉండిపోతుంది, రేడియేటర్, దానికి బిగించి ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు (ష్రౌడ్) బాడీతో పైకి పోతాయి. అలాగే స్టార్ట్ చేస్తే ఫ్యాన్ రెక్కలు ష్రౌడ్ అడుగుని కోసేస్తాయి. కిట్‌లో వచ్చే బ్రాకెట్లతో రేడియేటర్‌ని కిందికి దించి, ఫ్యాన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాకే తాళం చెవి పెట్టండి. గేర్ రాడ్, ఫోర్ బై ఫోర్ రాడ్ పొట్టివైపోతాయి, వాటికీ కిట్‌లో పొడిగింపులు ఉంటాయి. బంపర్లు ఫ్రేమ్‌తో కింద ఉండిపోతాయి కనుక వాటి బ్రాకెట్లూ మార్చాలి.

బోల్టులు అన్నీ చేత్తో ఎక్కించాక, కిట్ పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే బిగించండి. అది చెప్పినచోట బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు (థ్రెడ్ లాకర్) రాయండి. స్టీరింగ్ షాఫ్ట్ బోల్టుల్ని మాత్రం ఇద్దరూ విడివిడిగా చూడాలి. ఇంజన్ ఆన్ చేసి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా స్టీరింగ్ తిప్పి, బ్రేక్ గట్టిగా తొక్కి, పైపులు ఎక్కడా రాసుకోవడం లేదని చూశాకే వీధిలోకి తీయండి.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్న మిత్రులు, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కి ఇది చేయొచ్చా అని అడుగుతుంటారు. చేయకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు, మీది చూసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

హెడ్‌లైట్ వెలుగు ఇప్పుడు మూడు అంగుళాలు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లల్లో పడుతుంది. గోడ ముందు నిలిపి కిందికి దించుకోండి. 500 మైళ్లు తిరిగాక ప్రతి బాడీ బోల్టుకీ మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి. బ్లాకులు సర్దుకున్నాక కొన్ని వదులవుతాయి.