థ్రిల్లర్ కథలో టెన్షన్ నిలవడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

స్క్రిప్ట్ విన్నవాళ్లు "బాగుంది కానీ ఎక్కడో పట్టు తప్పింది" అనగానే చాలామంది ఇంకో ట్విస్ట్ కలుపుతారు, లేదంటే ఇంకో హత్య చేయిస్తారు. దాంతో కథ బరువెక్కుతుందే తప్ప పట్టు రాదు. ఇలాంటప్పుడు ముందుగా చూడాల్సింది ఒకటే: ఏ సీన్‌లో ప్రేక్షకుడికి ఏం తెలుసు, ఏం తెలియదు?

సమస్య: చివరి ట్విస్ట్ బాగా పేలుతోంది, అప్పటిదాకా మాత్రం బోర్

కారణం: అన్నీ దాచేశారు. ఏమీ తెలియనివాడు దేనికి భయపడాలి? 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫోతో మాట్లాడుతూ థ్రిల్లర్లకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ ఇదే విషయం చెప్పారు. టేబుల్ కింద బాంబుందని చెప్పకుండా పేల్చేస్తే దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు. ముందే చూపిస్తే, ఆ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ల మామూలు కబుర్లు కూడా 15 నిమిషాల ఉత్కంఠగా మారతాయి.

పరిష్కారం: ప్రమాదాన్ని పాత్రకంటే ముందు ప్రేక్షకుడికి చూపించండి. ఉదాహరణకు, భర్త మీద అనుమానంతో ఒకామె బీరువా వెతుకుతోంది. తిరిగి చూస్తే వెనకే అతను! ఒక్కసారి ఉలిక్కిపడతాం, అక్కడితో సరి. ఇదే సీన్‌ని ఇలా తిరగరాయండి. ఆఫీసుకి బయల్దేరిన భర్త సగం దారిలో జేబు తడుముకుంటాడు. కళ్లజోడు లేదు. కారు వెనక్కి తిప్పుతాడు. ఇక్కడ ఆమె బట్టలు ఒక్కొక్కటే తీసి, మడత చెదరకుండా మంచం మీద పెడుతోంది. కింద గేటు తీసిన చప్పుడు. ఫ్యాన్ హోరులో ఆమెకు వినపడలేదు. చివరి అరలో కవరు దొరికింది. అది పట్టుకుని ఇటు తిరిగితే, దిండు పక్కనే అతని కళ్లజోడు. బట్టలన్నీ ఇంకా బయటే ఉన్నాయి. రెండు సీన్లలోనూ కథ అదే, పాత్రలూ అవే. మారిందల్లా ప్రేక్షకుడికి ముందే తెలిసిన ఒక్క విషయం.

సమస్య: హీరో దొరికిపోయినా, తప్పించుకున్నా ఎవరికీ పట్టడం లేదు

కారణం: అతని మంచితనం గురించి పక్కవాళ్ల చేత చెప్పించారు. అతని చేతికి పని మాత్రం ఇవ్వలేదు.

పరిష్కారం: ఒక గడ్డు పనిని మొదటినుంచి చివరిదాకా అతని చేత చేయించి, దగ్గరగా చూపించండి. హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960)లో హత్య జరిగాక, మోటల్ నడిపే నార్మన్ బాత్రూమ్ అంతా కడిగి, శవాన్ని కారు డిక్కీలో పెట్టి, కారును ఊబిలోకి నెడతాడు. అది సగం మునిగి ఆగిపోతుంది. ఆ క్షణంలో "మునిగితే బాగుండు" అని మనమే అనుకుంటాం! ఒక మనిషి అంత శ్రద్ధగా పని చేస్తుంటే, తప్పొప్పుల సంగతి మరిచిపోయి మనసు అతని పక్షం చేరుతుంది. థ్రిల్లర్ చేయగల పనుల్లో నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే.

సమస్య: "ఇది మోసం" అంటున్నారు

కారణం: అసలు దోషిని ఆఖరి రీల్లోనే పరిచయం చేశారు, లేదా కీలకమైన క్లూ ఎక్కడా చూపించలేదు.

పరిష్కారం: ముగింపు నుంచి వెనక్కి రాసుకుంటూ రండి. క్లూని కళ్లముందే పెట్టండి, కాకపోతే అప్పుడు ప్రేక్షకుడి ధ్యాస వేరే గొడవ మీద ఉండాలి. గోడ గడియారం ఆగిపోయిందని తెలియాలంటే, దాని ముందే ఇద్దరు గట్టిగా పోట్లాడుకోవాలి.

సమస్య: పోలీసులు మరీ అమాయకులు

ఇది తేలిగ్గా సరిచేయొచ్చు. తెలివైన ప్రశ్న ఒకటి హీరోకి కాక ఆఫీసర్‌కి ఇవ్వండి. వెంటాడేవాడు ఎంత చురుకైతే, పారిపోయేవాడి కోసం అంత కంగారు పడతాం.

సమస్య: బీజీఎం హోరెత్తిస్తున్నా భయం లేదు

కారణం: సీన్‌లో లేని భయాన్ని సంగీతం తెచ్చిపెట్టలేదు.

పరిష్కారం: ఎడిటింగ్‌లో మ్యూజిక్ ట్రాక్ పూర్తిగా తీసేసి చూడండి. సీన్ నిలబడకపోతే లోపం రాతలో ఉంది. నిలబడితే ఒకే ఒక్క శబ్దాన్ని ఎంచుకోండి. ఫ్రిట్జ్ లాంగ్ తన మొదటి శబ్ద చిత్రం 'ఎమ్' (1931)లో హంతకుడికి ఒక ఈల పాట ఇచ్చారు. ముఖం సరిగా చూపించకముందే ఆ ఈల వినిపిస్తుంది. చివరికి బెలూన్లు అమ్మే అంధుడొకడు అతన్ని గుర్తుపట్టేదీ ఆ ఈలతోనే. అలాంటి శబ్దం మీ కథలోనే ఎక్కడో ఉంటుంది: లిఫ్ట్ తలుపు, తాళాల గుత్తి, పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు. మొదటిసారి ఏ ప్రమాదం లేనప్పుడు వినిపించండి. రెండోసారి అది వినబడేటప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే ఉండాలి.