ఇంటి వైరింగుకు ధర కట్టడం: నాకు కుదిరిన పద్ధతి

పాయింటుకు (ఒక్కో లైటు, ఫ్యాను, ప్లగ్గు చోటుకు) ఇంత అని ఒప్పుకున్న ఇళ్లలో, పనివాళ్ల కూలి పోగా నాకు దాదాపు ఏమీ మిగిలేది కాదు. చదరపు అడుగు లెక్క, తోటివారి రేటు, గుండుగుత్త బేరం ఏవీ నిలబడలేదు.

చివరికి, ముందుగా యజమానితో గది గదీ తిరిగి బోర్డుల స్థానాలను గోడ మీదే సుద్దతో గుర్తించాను. తరువాత 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో సరిపోయే లైట్లు, ఫ్యాన్లను పాయింటు లెక్కలోనే ఉంచి, డిస్ట్రిబ్యూషన్ బోర్డు (ఇంటి కరెంటును గదులకు పంచే పెట్టె) నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగవలసిన ఏసీ, గీజరులకు మాత్రం టేపుతో కొలిచి మీటరు చొప్పున కూలి కట్టాను. నష్టం ఎక్కువగా అక్కడే దాగి ఉండేది. గోడ కోత, ఎర్తింగు గుంతలను విడిగా రాసి, గుర్తులు మారితే అదనమని అదే కాగితంపై సంతకం తీసుకున్నాను (నోటిమాట గృహప్రవేశం నాటికి ఎవరికీ గుర్తుండదు).

ఇది కూకట్‌పల్లి వైపు కొత్త ఇళ్లలో కుదిరింది. పాతబస్తీ ఇళ్లలో వైర్లు వెళ్లే పాత పైపులు ఎక్కడ మూసుకుపోయాయో ముందే తెలియదు కనుక, అక్కడ రోజుకూలి లెక్కే మేలేమో.